తల తెగిన సేనాని దేవుడెలా అయ్యాడు? గ్వాన్ యూ కథ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి వచ్చిన వ్యాపార భాగస్వామి మీకు ఒక పింగాణీ బొమ్మ కానుకగా ఇచ్చారు. ఎర్రటి ముఖం, బొడ్డు దాకా గడ్డం, చేతిలో మనిషికంటే పొడవైన కత్తి. "షాపులో పెట్టుకోండి, మంచిది" అన్నారు. ఆరా తీస్తే ఆయన పేరు గ్వాన్ యూ అని, 1,800 ఏళ్ళ కిందటి సైన్యాధిపతి అని, ఓడిపోయి తల పోగొట్టుకున్నాడని తెలిసింది. అలాంటి మనిషి దేవుడెలా అయ్యాడు, 'మూడు రాజ్యాల కథ' నవల వల్లేనా, బొమ్మను ఎక్కడ పెట్టాలి అని అడిగారు.

నేను పదకొండేళ్ళు చైనాలో దుబాసీగా పనిచేశాను. మన వ్యాపారుల వెంట షాపులూ ఫ్యాక్టరీలూ తిరిగినప్పుడు ఈయన కనబడని రోజు లేదు. గల్లాపెట్టె వెనక గోడకు చిన్న ఎర్రమందిరం, రెండు ఎర్రబల్బులు, మూడు నారింజపళ్ళు, చిన్న కప్పుల్లో టీ. తర్వాత సెలవులు దొరికినప్పుడల్లా ఆయన గుళ్ళ వెంట పడ్డాను. అందుకని కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పేస్తాను. ఆయన్ని దేవుణ్ణి చేసింది నవల కాదు. లువో గ్వాన్‌జోంగ్ పేరు మీద ఉన్న ఆ నవలకు ఇప్పుడు దొరుకుతున్న అచ్చుప్రతుల్లో పాతది 1522 నాటిది. అప్పటికి గ్వాన్ యూకి చైనా చక్రవర్తి 'రాజు' బిరుదిచ్చి నాలుగు వందల ఏళ్ళు దాటింది, ఊరూరా గుళ్ళున్నాయి. దేవుడు ముందు, నవల తర్వాత. ఇది పట్టుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

చరిత్రలో ఆయన గురించి ఉన్నది చాలా తక్కువ. చెన్ షౌ అనే చరిత్రకారుడు 3వ శతాబ్దంలో రాసిన జీవితకథ వెయ్యి అక్షరాలు కూడా ఉండదు. ఇప్పటి షాన్‌షీ రాష్ట్రంలో ఉప్పుచెరువు పక్కన షియె అనే చోట పుట్టాడు. ఏదో జరిగి ఊరొదిలి పారిపోయాడు, ఎందుకో రాయలేదు. తర్వాత సొంత రాజ్యం స్థాపించిన లియూ బేయ్, అతని అనుచరుడు చాంగ్ ఫేయ్‌లతో కలిశాడు. ముగ్గురూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు, అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు అని మాత్రం ఉంది. ముగ్గురూ పీచ్ తోటలో అన్నదమ్ములుగా ఉంటామని ప్రమాణం చేశారన్న ప్రసిద్ధమైన కథ అందులో లేదు. 200లో శత్రువు త్సావ్ త్సావ్‌కి చిక్కాడు. త్సావ్ త్సావ్ గ్వాన్ యూకి ఎంతో మర్యాద చేశాడు. ఆ మర్యాదకు బదులుగా గ్వాన్ యూ, త్సావ్ త్సావ్ మీదికి వచ్చిన యెన్ లియాంగ్ అనే సేనానిని చంపిపెట్టి, ఇచ్చిన కానుకలన్నీ మూటగట్టి ముద్ర వేసి అక్కడే వదిలేసి, మళ్ళీ లియూ బేయ్ దగ్గరికి వెళ్ళిపోయాడు. వర్తకులు ఈయన్ని నమ్మడానికి మూలం ఈ ఒక్క సంఘటనే.

219లో వరద నీటిని ఆసరాగా చేసుకుని త్సావ్ త్సావ్ సైన్యాన్ని ముంచేశాడు. రాజధాని మార్చేద్దామా అని త్సావ్ త్సావ్ ఆలోచించేంత దెబ్బ అది. కొన్ని నెలలు తిరక్కుండానే మిత్రుడనుకున్న సున్ చ్యువాన్ మనుషులు వెనక నుంచి ఆయన ప్రాంతాన్ని ఆక్రమించి, ఆయన్నీ కొడుకు గ్వాన్ పింగ్‌నీ పట్టుకుని చంపేశారు. తలను త్సావ్ త్సావ్‌కి పంపారు. అది లువోయాంగ్‌లో సమాధి అయింది. మొండెం హుబేయ్ రాష్ట్రంలోని దాంగ్‌యాంగ్‌లో ఉండిపోయింది. మొండివాడు, తనను తాను గొప్పగా అనుకునేవాడు, అందుకే ఓడాడు అని చెన్ షౌ నిర్మొహమాటంగా రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత సొంత రాజ్యం ఇచ్చిన మరణానంతర బిరుదులో కూడా 'పొరపాటు' అని అర్థం తీయగల మాట ఒకటుంది. పండితులు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటారు.

ఇక్కడ దేవుడి ఛాయలేవీ లేవు. మరి ఎక్కడ మొదలైంది? మొండెం ఉన్నచోట మొదలైంది.

ఆయుష్షు తీరా బతక్కుండా, కత్తికి బలై, శరీరం ముక్కలై పోయినవాడు ఊరికే ఉండడని చైనా పల్లెల్లో గట్టి నమ్మకం. పిండం పెట్టే దిక్కు లేనివాడు ఊరిని పట్టుకుంటాడు. ఈ భయం మనకీ కొత్తది కాదు కాబట్టి వివరించక్కర్లేదు. దాంగ్‌యాంగ్ దగ్గర యుచ్వాన్ కొండ మీద ఒక గుడి ఉండేది. 9వ శతాబ్దపు ఒక రచనలో ఆ గుడి దేవుణ్ణి 'గ్వాన్ మూడో అబ్బాయి' అంటారు. అక్కడ రాసినవి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. సన్యాసులు రాత్రిళ్ళు తలుపులు వేసుకోరట. డబ్బూ బట్టలూ ఎక్కడివక్కడ పడేసినా దొంగతనం చేసే ధైర్యం ఎవరికీ లేదట. వంటశాలలో నైవేద్యానికి ముందే ఎవరైనా రుచి చూశారో, క్షణంలో చెంప మీద పెద్ద అరచేయి ముద్ర తేలుతుందట. పది రోజులు గడిచినా చెరక్కపోగా ఇంకా స్పష్టంగా కనబడుతుందట. ఎగతాళి చేసినవాడి వెనక పాములు, విషజంతువులు పడతాయట.

నా దృష్టిలో ఈయన కథ మొత్తంలో ముఖ్యమైనది ఈ చెంపదెబ్బే. ఇందులో విశ్వాసం, స్నేహం, న్యాయం ఏమీ లేవు. ఆ స్థలం తనది, తన వంట తనకే ముందు పెట్టాలి, అంతే. ఊరి పొలిమేర కాచే ఉగ్రదేవత ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉన్నాడు. అప్పటికి ఆయన చచ్చిపోయి ఆరు వందల ఏళ్ళు దాటింది. ఆ కొండ ప్రాంతం బయట ఆయన్ని కొలిచేవాళ్ళు చాలా తక్కువ.

బౌద్ధులు ఈయన్ని మచ్చిక చేసుకున్న తీరు చూడండి. 590ల్లో జియీ అనే గొప్ప ఆచార్యుడు ఆ కొండ మీద యుచ్వాన్ మఠం స్థాపించాడు. ఆయన శిష్యుడు రాసిన జీవితచరిత్రలో గ్వాన్ యూ ఊసే లేదు. రెండు వందల ఏళ్ళు గడిచాక, 802లో గుడిని బాగుచేసినప్పుడు వేయించిన శాసనంలో ఒక కథ ప్రత్యక్షమవుతుంది. ఆచార్యుడు చెట్టు కింద ధ్యానంలో ఉండగా రాత్రివేళ గ్వాన్ యూ ఆత్మ ఎదురై, "ఈ స్థలం ఇచ్చేస్తున్నాను, సన్యాసులకు మఠం కట్టుకోండి" అందట. ఇంకొన్ని తరాలకు ఆ కథ ఇంకా పెరిగింది. ఆయనే దయ్యాలను పనిలో పెట్టి ఏడు రోజుల్లో మఠం కట్టించాడు, ఆచార్యుడి దగ్గర దీక్ష కూడా తీసుకున్నాడు అన్నారు. స్థలం ఇవ్వాలంటే ముందు అది ఆయనదై ఉండాలి కదా. కొత్తగా వచ్చిన మఠం పాత యజమానిని వెళ్ళగొట్టకుండా క్షేత్రపాలకుణ్ణి చేసుకుంది. ఇప్పటికీ చైనా బౌద్ధాలయాల్లో బుద్ధుడికి ఒక పక్కన గడ్డంతో నిలబడి ఉండేది ఈయనే.

రెండో మలుపు ఉప్పు. ఆయన పుట్టిన షియె పక్కన ఉన్న ఉప్పుచెరువు ఎండకీ గాలికీ ఉప్పు పేరుకునే చోటు. ఉప్పు మీద గుత్త ప్రభుత్వానిది, ఖజానాకు అది పెద్ద ఆదాయం. సాంగ్ వంశం కాలంలో 11వ శతాబ్దం చివర వరదొచ్చి చెరువు పాడైంది. దాన్ని బాగుచేయడానికి ఏళ్ళు పట్టింది. దీని మీద పుట్టిన కథలో, చీయౌ అనే పురాతన రాక్షసుడు పగబట్టి ఉప్పును పాడుచేస్తాడు. దావో మతగురువు జాంగ్‌ను చక్రవర్తి పిలిపిస్తాడు. ఆయన మంత్రం వేసి గ్వాన్ యూని రప్పిస్తాడు. ఆకాశం నల్లబడి, గుర్రాల చప్పుళ్ళు, కత్తుల మోతలు వినిపించి, తెల్లారేసరికి చెరువు తేటపడుతుంది. ఆ రోజుల్లోనే చక్రవర్తి హ్వీజోంగ్ ఈయనకు వరసగా బిరుదులిచ్చాడు. ఆ వరసలోనే 1108లో రాజు అయ్యాడు. దాంగ్‌యాంగ్‌లో వంటశాల కాపలాదారుగా మొదలైనవాడు సొంతూళ్ళో రాజ్యం ఉప్పును కాచేవాడయ్యాడు.

ఉప్పు ఎక్కడికి వెళ్తే ఆయన అక్కడికి వెళ్ళాడు. మింగ్ వంశం కాలంలో (1368–1644) ఉత్తర సరిహద్దు సైన్యానికి ధాన్యం చేరవేసిన వర్తకులకు బదులుగా ఉప్పు అమ్ముకునే అనుమతి చీటీలు ఇచ్చేవాళ్ళు. షాన్‌షీ వర్తకులు అలా ఎదిగారు. పరాయి ఊళ్ళో దిగిన వర్తకుడికి ఉండటానికి చోటు, సరుకు దాచుకోవడానికి గోదాము, తగాదా తీర్చుకోవడానికి పెద్దమనుషులు కావాలి. దానికోసం సంఘభవనాలు కట్టుకున్నారు, ప్రతి భవనంలో నడిమధ్య గ్వాన్ యూని కూర్చోబెట్టారు. సిచువాన్ రాష్ట్రంలోని జిగోంగ్ ఉప్పుబావుల ఊళ్ళో 1736లో కట్టడం మొదలుపెట్టిన అలాంటి భవనం ఇప్పుడు ఉప్పు మ్యూజియం. పైకప్పు మూలలు పక్షి రెక్కల్లా లేచి ఉంటాయి. చూసి తీరాల్సిన కట్టడం.

వర్తకుల చేతిలో పడ్డాక ఆయన ధనదేవుడయ్యాడు. ఇది విన్నప్పుడు మనవాళ్ళు లక్ష్మీదేవిలాగా అనుకుంటారు, అది సరిగ్గా కుదరదు. గ్వాంగ్‌జౌలో ఒక బట్టల హోల్‌సేల్ షాపు ముసలాయన్ని ఇదే అడిగాను. విజయవాడ నుంచి వచ్చిన పార్టీకి సగం అడ్వాన్స్ మీద సరుకు ఇవ్వాలా వద్దా అని టెన్షన్ పడుతున్నాడు. సంతకం అయ్యాక లేచి వెళ్ళి మూడు అగరొత్తులు వెలిగించి వచ్చాడు. "డబ్బు ఇమ్మని అడిగారా?" అన్నాను. "లేదు, చూశావుగా అని చెప్పాను" అన్నాడు. శత్రువు ఇచ్చిన బంగారాన్ని మూటగట్టి వదిలేసి వెళ్ళిన మనిషి ముందు మాట ఇస్తే తప్పడం కష్టం. ముక్కూమొహం తెలియనివాడితో అప్పు మీద వ్యాపారం చేసేవాళ్ళకు కావాల్సింది ఇదే, సాక్షి.

పొలం పనులు చేసుకునేవాళ్ళకు సాక్షితో పని లేదు, వాన కావాలి. ఉత్తర చైనా పల్లెల్లో చాంద్రమానం ఐదో నెల పదమూడో రోజు గ్వాన్ యూ కత్తికి సాన పట్టే రోజు. ఆ రోజు కురిసే వానను 'సానవాన' అంటారు. సాన మీద పోయడానికి నీళ్ళు కావాలి కదా, ఆ నీళ్ళే కింద పడతాయన్న లెక్క. గోధుమ కోతలు ముగిసి తర్వాతి పంట వేసుకునే రోజులవి, మన ఏరువాక అనుకోండి. షాన్‌షీలో ఒక పల్లెలో ఆ రోజు నేనున్నాను. పొద్దుటి నుంచీ ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం దాటాక నాలుగు చినుకులు పడ్డాయి, దుమ్ము కూడా అణగలేదు. నేనున్న ఇంటి పెద్దావిడ వాకిట్లోకి వచ్చి, అరచెయ్యి చాపి, చినుకు పడేదాకా అలాగే నిలబడి, "లావొయె మొదలుపెట్టాడు" అంది. లావొయె అంటే అయ్యగారు, దొరగారు అన్నట్టు. ఆ ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు.

ఎర్రముఖానికి కూడా ఆ ప్రాంతాల్లో ఒక వాన కథ ఉంది. పూర్వజన్మలో ఆయన ఒక నాగుపాము లాంటి జలదేవుడు, డ్రాగన్. స్వర్గాధిపతి కోపంతో వాన ఆపేయమంటే, జనం మలమల మాడిపోతుంటే చూడలేక దొంగచాటుగా కురిపించాడు. దానికి తల నరికించారు. ఒక సన్యాసి ఆ నెత్తుటిని పాత్రలో పట్టి మూతపెట్టి దాచాడు. మూత తీసేసరికి ఎర్రటి బిడ్డ ఉన్నాడు. చూశారా, తల తెగడం అనే ఆ మచ్చను జనం దాచలేదు, పుట్టుకలోకే తెచ్చి పెట్టారు. మనుషుల కోసం ఒకసారి తల ఇచ్చినవాడే మళ్ళీ పుట్టాడన్నమాట. ఓడిపోయిన సేనాని అన్న చిక్కును పండితులకంటే అందంగా విప్పింది ఈ పల్లెటూరి కథే.

పారిపోయాడు, ఎందుకో తెలియదు అని చరిత్రలో ఉందన్నాను కదా, ఆ ఖాళీని కూడా జనమే పూరించారు. ఊళ్ళో ఆడపిల్లల జోలికి పోయే ఒక దుర్మార్గుణ్ణి చంపి పారిపోయాడు, దారిలో ఊటనీళ్ళతో ముఖం కడుక్కుంటే ఎర్రబడింది, కోటగుమ్మం దగ్గర కాపలావాడు పేరడిగితే ఏం చెప్పాలో తోచక గుమ్మం వైపు వేలు చూపించాడు. గ్వాన్ అంటే ఆ గుమ్మమే. ఇంటిపేరు అలా వచ్చిందట.

రాజులు చేసిందాన్ని తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాళ్ళెప్పుడూ జనం వెనకే వచ్చారు. 1614లో మింగ్ చక్రవర్తి వాన్లీ ఈయన్ని 'మూడు లోకాల్లో భూతాలను అణచే మహాచక్రవర్తి' అన్నాడు. ఒకప్పుడు భూతమని జనం వణికిన దేవుడే భూతాలను అణచేవాడయ్యాడు. తర్వాత మంచూ చక్రవర్తులు పైపైకి ఎత్తారు. 1725లో ఆయన ముత్తాత, తాత, తండ్రులకు కూడా బిరుదులిచ్చారు. 19వ శతాబ్దం చివరికి బిరుదు 26 అక్షరాలైంది. రాజుకు కావాల్సింది స్వామిభక్తి గల సేనాని, అదొక్కటే వాళ్ళు ఆయనలో చూశారు. ఆస్థాన పండితులు ఆయన చేతిలో పుస్తకం పెట్టారు. షియెలో ఉన్న పెద్ద గుడిలోని మేడ మీద దీపం ముందు పుస్తకం చదువుతూ కూర్చున్న గ్వాన్ యూ ఉన్నాడు.

ఇక నవల. అది దేవుణ్ణి పుట్టించలేదు గానీ, అప్పటికి వందల ఏళ్ళుగా తిరుగుతున్న కథలను ఒక్కచోట కట్టింది, దేశమంతటికీ ఒకే ముఖం ఇచ్చింది. చేయి ఎముక గీకే సన్నివేశం తీసుకోండి. చరిత్రలోనూ ఉంది. బాణం విషం ఎముకకు పట్టిందని వైద్యుడు చేయి కోసి ఎముక గీకుతుంటే, నెత్తురు పళ్ళెంలో నిండుతుంటే, ఈయన కాల్చిన మాంసం కోసుకు తింటూ మద్యం తాగుతూ నవ్వుతూ మాట్లాడాడని రాశారు. వైద్యుడి పేరు లేదు. నవల ఆ పని మహావైద్యుడు హ్వా తువో చేత చేయించింది, ఆయన చనిపోయింది మాత్రం 208లో, అంటే ఈ గాయానికి చాలా ముందు. మీ బొమ్మ చేతిలోని పొడవాటి కత్తి కూడా ఆయన కాలపుది కాదు, అలాంటి ఆయుధం సాంగ్ కాలంలో కనిపిస్తుంది. గుళ్ళలో ఆయన పక్కన కత్తి మోస్తూ కనిపించే నల్లటి మనిషి జౌ త్సాంగ్ పూర్తిగా కల్పిత పాత్ర. అయినా దాంగ్‌యాంగ్ ప్రాంతంలో అతనికి సమాధి ఉంది!

ఆ నవలలో నాకు ఎంతో ఇష్టమైన చోటు యుచ్వాన్ కొండ మీదే జరుగుతుంది. చచ్చిపోయాక ఒక రాత్రి గ్వాన్ యూ ఆత్మ ఆకాశంలో గుర్రం మీద తిరుగుతూ "నా తల నాకివ్వండి" అని అరుస్తుంది. కొండ మీద పూజింగ్ అనే ముసలి సన్యాసి తలెత్తి, నీ తల నువ్వు అడుగుతున్నావు, సరే, నువ్వు నరికిన యెన్ లియాంగ్ వాళ్ళంతా తమ తలలు ఎవరిని అడగాలి అంటాడు. ఆత్మకు జ్ఞానం కలిగి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తరచూ ఆ కొండ మీద కనబడుతూ జనాన్ని కాపాడేదట. చెంప మీద ముద్ర వేసిన పాత దయ్యం జ్ఞాపకం 1522 నాటి అచ్చులో కూడా చెరిగిపోలేదు.

ఈ మొత్తాన్ని ఒక మాటలో పట్టుకున్నవాడు మన దేశంలో పుట్టిన చరిత్రకారుడే. అస్సాంలో పుట్టిన ప్రసేన్‌జిత్ దువారా 1988లో గ్వాన్ యూ గురించి ఒక వ్యాసం రాశారు. ప్రతి వర్గమూ తన అర్థాన్ని పాతదాని మీద రాసుకుంటుంది, కానీ పాతదాన్ని పూర్తిగా తుడిచేయదు, తుడిచేస్తే బలమే పోతుంది అంటారు. పండక్కి గోడ గీకకుండా వెల్ల మీద వెల్ల వేస్తామే, అలాగన్నమాట. అందుకే హాంకాంగ్‌లో పోలీసు స్టేషన్లలో ఈయన పటం ఉంటుంది, వాళ్ళు పట్టుకునే ముఠాల దగ్గరా ఉంటుంది. ఇద్దరికీ ఆయన 'రెండో అన్న', ప్రమాణం చేసిన ముగ్గురిలో రెండోవాడు కాబట్టి. తైవాన్‌లోని తైపే నగరంలో షింగ్‌తియాన్ గుడికి వెళ్తే నీలంరంగు నిలువంగీలు వేసుకున్న ఆడవాళ్ళు వరసలో నిలబడ్డ జనానికి దిష్టి తీసినట్టు భయం తీస్తుంటారు. 2014 నుంచి ఆ గుళ్ళో అగరొత్తులు కూడా వెలిగించరు. అక్కడ చేతిలో కత్తి గురించి ఎవరూ మాట్లాడరు, పిల్లాడు రాత్రిళ్ళు ఉలిక్కిపడుతున్నాడనో, పరీక్షలనో వస్తారు.

దూరం వెళ్ళక్కర్లేదు కూడా. కోల్‌కతా టెరిటీ బజార్ దగ్గర తూంగ్ ఆన్ గుడిలో ఈయన ఉన్నాడు (అక్కడ చైనా గుళ్ళను చర్చి అంటారు, బోర్డు చూసి వెనక్కి తిరగకండి). ముంబయి మజ్‌గావ్‌లో 1919 నాటి చిన్న చైనా గుడి కూడా ఈయనదే. ఓడరేవుల్లో వడ్రంగం, చెప్పుల తయారీ, నావికుల పని చేసుకుంటూ వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్న దేవుడు.

ఒక్క విషయం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ఆయన పాలించిన జింగ్‌జౌలో 2016లో 57 మీటర్ల పైచిలుకు కంచు విగ్రహం నిలబెట్టారు. ఊరి రూపమే చెడిపోయిందని ప్రభుత్వం 2020లో తప్పుపట్టింది, కోట్లు ఖర్చుపెట్టి వేరేచోటికి తరలించాల్సి వచ్చింది. అంత పెద్దదాని ముందు నిలబడితే నాకు మొక్కాలనిపించలేదు. దాంగ్‌యాంగ్‌లో ఆ మొండెం సమాధి గడ్డి మొలిచిన ఒక మట్టిదిబ్బ, చుట్టూ రాతిగోడ. అక్కడి దేవదారు చెట్లకు చివరలుండవు, దొరకు తల లేదని చెట్లు కూడా తల పెంచుకోవు అని కాపలా ఆయన చూపించాడు. నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను.

మీ బొమ్మ సంగతి. షాపుల్లో ఆయన్ని వీధిగుమ్మానికి ఎదురుగా, లోపలికి వచ్చేవాళ్ళు కనబడేలా పెడతారు. నేల మీద పెట్టరు, పడకగదిలో పెట్టరు, కనీసం ఛాతీ ఎత్తులో ఉంచుతారు. పూజ చేయాలన్న నియమం ఏమీ లేదు, దుమ్ము తుడుస్తూ ఉంటే చాలు. మీరు నైవేద్యం పెట్టాలనుకుంటే పళ్ళూ టీ సరిపోతాయి. పెట్టాక ఒక ఫోటో తీసి మీ భాగస్వామికి పంపండి, కింద "గ్వాన్ లావొయె గుమ్మం వైపే చూస్తున్నారు" అని రాయండి. అవతలి నుంచి వెంటనే ఫోన్ వస్తుంది.